98 శాతం రీసైకిల్ చేశామంటే అసలు ఏం చేసినట్టు? పెద్ద నిర్మాణాల వ్యర్థాల లెక్క

పెద్ద ప్రాజెక్టు ఏది పూర్తయినా ప్రకటనల్లో ఒక అంకె కనిపిస్తుంది. సైటులో వచ్చిన వ్యర్థాల్లో 95 శాతం రీసైకిల్ చేశాం, 98 శాతం చేశాం అని. చదివినవాళ్లలో కొందరు ఎంత బాగా చేశారో అనుకుంటారు, ఇంకొందరు ఇదంతా ఉత్త ప్రచారం అని పక్కన పడేస్తారు. రెండూ తొందరపాటే. ఆ అంకెలు చాలావరకు నిజమే, వాటి వెనక కాటా చీటీలు కూడా ఉంటాయి. చిక్కు ఎక్కడంటే, ఒకే సైటుకి, అవే బరువులతో, ఎవరూ అబద్ధం ఆడకుండానే 98 అని చెప్పొచ్చు, 72 అని చెప్పొచ్చు, 10 అని కూడా చెప్పొచ్చు. అదెలాగో మొదటి నుంచి చూద్దాం.

## సైటు నుంచి బయటికి వెళ్లేది మూడు రకాలు

మొదటిది తవ్విన మట్టి, రాయి. పునాదులు, సెల్లార్లు, సొరంగాలు తవ్వితే వచ్చేది. బరువులో చాలా ప్రాజెక్టుల్లో దీనిదే అగ్రస్థానం. రెండోది కూల్చివేత శిథిలాలు, అంటే పాత కట్టడం పడగొడితే వచ్చే కాంక్రీటు, ఇటుక, ఇనుము, చెక్క, గాజు. మూడోది కొత్త కట్టుబడిలో మిగిలిపోయేది. కోసేసిన జిప్సం బోర్డు ముక్కలు, పగిలిన టైల్స్, ప్యాకింగ్ అట్టలు, ప్లాస్టిక్ కవర్లు, అరిగిపోయిన సెంట్రింగ్ చెక్క, గట్టిపడిపోయిన సిమెంటు బస్తాలు. ఇది బరువులో తక్కువే కానీ రకాలు ఎక్కువ, అందుకే తలనొప్పి కూడా ఎక్కువ.

మొత్తం పరిమాణం ఎంతో తెలియడానికి ఒక పోలిక చూడండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం 2018లో ఆ దేశంలో వచ్చిన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలు 60 కోట్ల అమెరికన్ టన్నులు. అక్కడి ఇళ్ల నుంచి, దుకాణాల నుంచి వచ్చే మామూలు చెత్తకి ఇది రెట్టింపు కంటే ఎక్కువ. అందులో 90 శాతానికి పైగా కూల్చివేతల నుంచి వచ్చిందే. యూరోపియన్ యూనియన్‌లో పుట్టే మొత్తం వ్యర్థాల్లో మూడో వంతు కంటే ఎక్కువ ఈ రంగానిదే. చెత్త అనగానే మన కళ్ల ముందు ప్లాస్టిక్ సంచులు కదులుతాయి గానీ, బరువు పెట్టి చూస్తే కాంక్రీటే పైన ఉంటుంది.

## అందరూ రీసైక్లింగ్ అనేస్తారు, కానీ పనులు వేరు

పాత కట్టడంలోని ఒక ఉక్కు దూలాన్ని తీసుకోండి. బోల్టులు విప్పి, తుప్పు గీకి, అదే దూలాన్ని మరో కట్టడంలో బిగిస్తే అది పునర్వినియోగం. దాన్నే కొలిమిలో కరిగించి కొత్త ఉక్కు చేస్తే రీసైక్లింగ్. ఇందులో వస్తువు పోయింది, పదార్థం మిగిలింది, మధ్యలో బోలెడంత కరెంటు ఖర్చయింది. ఇప్పుడు ఒక కాంక్రీటు పిల్లర్‌ని చూడండి. దాన్ని క్రషర్‌లో వేసి కంకర చేసి రోడ్డు కింద పొరగా పరిస్తే దాన్నీ రీసైక్లింగ్ అనే అంటారు, కానీ పదేసి అంతస్తులు మోసిన పదార్థం ఇప్పుడు గులకరాళ్లు చేసే పని చేస్తోంది, అంటే ఒక మెట్టు దిగింది. అదే కాంక్రీటు ముక్కల్ని ఏదో గొయ్యి పూడ్చడానికి పోస్తే అది బ్యాక్‌ఫిల్లింగ్. చెక్కని బాయిలర్‌లో మండించి వేడి తీసుకుంటే అది శక్తి రాబట్టడం. ఇవన్నీ కలిపి, డంపింగ్ యార్డుకి వెళ్లకుండా ఆగినదంతా ఒకే గంపలో వేస్తే దాన్ని మళ్లించిన వ్యర్థం అంటారు. ప్రకటనల్లో కనిపించే పెద్ద అంకె చాలాసార్లు ఈ గంపదే. పేరు మాత్రం రీసైక్లింగ్ అని పెడతారు.

2012 లండన్ ఒలింపిక్ పార్కు దీనికి మంచి ఉదాహరణ. ఆ స్థలంలో 200కి పైగా భవనాలు తీసేశారు. బరువులో 90 శాతం తిరిగి వాడటమో రీసైకిల్ చేయడమో జరగాలని ముందే లక్ష్యం పెట్టుకున్నారు, దాన్ని దాటారు కూడా. అది నిజంగా గొప్ప పనే. కానీ అందులో సింహభాగం పిండి కొట్టిన కాంక్రీటు, ఇటుక. దూలాలు, ఇటుకలు, రాళ్లు ఉన్నవి ఉన్నట్టుగా మళ్లీ వాడింది చాలా తక్కువ. తిరిగి వాడటం, రీసైకిల్ చేయడం అనే రెండు మాటలూ లక్ష్యంలో ఒకే వాక్యంలో ఉండటం వల్ల ఆ తేడా అంకెలో కనపడదు.

## ఒకే సైటు, ఐదు శాతాలు

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇది ఊహించిన సైటే, కానీ లోపలి పాళ్లు నిజమైన సైట్లలో జరిగే తీరుకి దగ్గరగా ఉంటాయి. మొత్తం బయటికి వెళ్లింది 1,00,000 టన్నులు. అందులో మట్టి 80,000. కాంక్రీటు, ఇటుక కలిపి 15,000. ఇనుము 2,000. చెక్క 1,000. జిప్సం బోర్డు, ప్లాస్టిక్, థర్మోకోల్, అట్టలు అన్నీ కలిసిపోయిన చెత్త 2,000.

మట్టి అంతా పల్లపు నేలలు ఎత్తు చేయడానికి పోయింది. కాంక్రీటులో 12,000 టన్నులు కంకరై రోడ్డు పొరలోకి, 3,000 గొయ్యి పూడ్చడానికి వెళ్లింది. ఇనుము మొత్తం కొలిమికి. చెక్కలో 400 టన్నులు పార్టికల్ బోర్డుకి, 600 మంటకి. కలిసిపోయిన 2,000 టన్నుల చెత్త డంపింగ్ యార్డుకి.

యార్డుకి వెళ్లనిది 98,000. కాబట్టి 98 శాతం. ఇది మొదటి జవాబు.

మట్టిని పక్కన పెట్టండి, ఎందుకంటే తవ్విన మట్టి చెత్త అని ఎవరూ అనుకోరు, దాన్ని లెక్కలో కలిపితే మిగతాదంతా దాని నీడలో దాక్కుంటుంది. ఇప్పుడు మొత్తం 20,000 టన్నులు, మళ్లించింది 18,000. 90 శాతం.

యూరోపియన్ యూనియన్ పద్ధతిలో చూద్దాం. 2008 నాటి వ్యర్థాల ఆదేశంలో, 2020కల్లా నిర్మాణ వ్యర్థాల్లో బరువు ప్రకారం కనీసం 70 శాతం తిరిగి వాడకంలోకి రావాలని పెట్టారు. సహజమైన మట్టీ రాయీ ఇందులో కలవవు, మంటకి పోయింది లెక్కకి రాదు, కానీ పూడ్చడం లెక్కలోకి వస్తుంది. అలా చూస్తే 17,400 టన్నులు, 87 శాతం.

పూడ్చిన 3,000 కూడా తీసేస్తే 14,400. అంటే 72 శాతం.

ఆఖరిది కఠినమైన ప్రశ్న. ఎంత పదార్థం తన పాత స్థాయిలోనే మళ్లీ పనికొచ్చింది? కంకర ఒక మెట్టు దిగింది, పార్టికల్ బోర్డు కూడా దిగింది. మిగిలింది ఇనుము 2,000 టన్నులు. 10 శాతం.

ఈ ఐదింటిలో ఏదీ తప్పు లెక్క కాదు. 70 శాతం లక్ష్యాన్ని యూరప్ దేశాలు చాలావరకు అందుకున్నాయి, అయితే అందులో పూడ్చడం వాటా ఎంత అన్నది దేశానికో రకంగా ఉంటుంది. అందుకే పూడ్చడాన్ని విడిగా చూపించాలా వద్దా అన్న వాదన అక్కడ నడుస్తూనే ఉంది. కలపాలనేవాళ్ల మాటలోనూ పస ఉంది. ఆ గొయ్యిని శిథిలాలతో పూడ్చకపోతే కొండ పిండి చేసి తెచ్చిన కొత్త కంకరతో పూడ్చేవాళ్లు కదా, అది ఆదా కాదా అంటారు. వద్దనేవాళ్లు, గొయ్యి నిజంగా అవసరమై పూడ్చారా, శిథిలాలు వదిలించుకోవడానికి గొయ్యి వెతుక్కున్నారా అని అడుగుతారు. నా మట్టుకు రెండో ప్రశ్నే అసలు ప్రశ్న అనిపిస్తుంది.

## మట్టికి పాపం తెలియదు అనుకోవడం ప్రమాదం

తవ్విన మట్టి రసాయనికంగా శుభ్రంగానే ఉండొచ్చు. కానీ దాని పరిమాణమే ఒక సమస్య. నేలలో గట్టిగా ఒత్తుకుని ఉన్న మట్టి తవ్వగానే ఉబ్బుతుంది. 25 శాతం ఉబ్బిందనుకుంటే 1,000 ఘనమీటర్ల గొయ్యికి 1,250 ఘనమీటర్ల మట్టి టిప్పర్లకెక్కాలి. టిప్పరుకి 10 ఘనమీటర్లు పడితే 125 ట్రిప్పులు. సొరంగాల దగ్గరికొస్తే ఈ లెక్క వేలల్లో లక్షల్లో ఉంటుంది.

స్విట్జర్లాండ్‌లో 57 కిలోమీటర్ల గొట్థార్డ్ రైలు సొరంగం తవ్వితే 2.82 కోట్ల టన్నుల రాయి బయటికొచ్చింది. అందులో దాదాపు మూడో వంతుని అక్కడికక్కడే జల్లించి, పిండి కొట్టి సొరంగం లోపలి కాంక్రీటుకే కంకరగా వాడారు. ఇంకొంత ఉరీ సరస్సులో లోతు తక్కువ చోట్లు, చిన్న దీవులు తిరిగి ఏర్పరచడానికి పోశారు. లండన్ కింద క్రాస్‌రైల్ అనే రైలు మార్గానికి సొరంగాలు తవ్వినప్పుడు 30 లక్షల టన్నుల మట్టిని ఓడల మీద వాలసీ దీవికి పంపి పక్షుల కోసం చిత్తడి నేల తయారుచేశారు. ఈ రెండు చోట్లా ఆ మట్టి ఎక్కడికి వెళ్లాలో తవ్వకం మొదలవకముందే తేల్చుకున్నారు.

తేల్చుకోకపోతే ఏమవుతుందో చైనాలోని షెన్‌జెన్ చూపించింది. అక్కడ పాత క్వారీ గోతిలో నిర్మాణాల మట్టిని, శిథిలాలని పోస్తూ పోస్తూ కొండలా పేర్చారు. నీరు బయటికి పోయే దారి సరిగా లేదు. 2015 డిసెంబరు 20న ఆ కుప్ప కదిలి కిందున్న పారిశ్రామికవాడ మీదికి వచ్చి 33 భవనాల్ని దెబ్బతీసింది, 73 మంది చనిపోయారు. విషపదార్థం కాదు, పేలుడూ కాదు. సైట్లలో నుంచి వచ్చిన మట్టే.

## పిండి కొట్టిన కాంక్రీటు కొత్త కంకరతో సమానమేనా

రీసైకిల్ చేసిన కంకర ముక్కని ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. మధ్యలో నల్లగానో బూడిదరంగుగానో అసలు రాయి, దానికి ఒక పక్క తెల్లగా, కాస్త గరుకుగా అంటుకున్న పాత సిమెంటు ముద్ద. గోరుతో గీకితే కొంచెం పొడి రాలుతుంది. నీళ్లలో వేస్తే సన్నగా బుడగలు వస్తాయి, ఎందుకంటే ఆ ముద్ద నిండా కంటికి కనపడని రంధ్రాలు. మామూలు రాతి కంకర తన బరువులో ఒకటీ రెండు శాతం నీళ్లు పీల్చుకుంటే ఇది 4 నుంచి 8 శాతం దాకా పీల్చుకోవచ్చు. కాంక్రీటు కలిపేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే కలిపిన నీళ్లని కంకరే తాగేస్తుంది, మాలు బిగుసుకుపోతుంది, పంపులో కదలదు, అప్పుడు సైటులో ఎవరో ఒకరు ఇంకో బకెట్టు నీళ్లు పోస్తారు, బలం పోతుంది. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు, కంకరని ముందే తడిపి ఉంచడం, లెక్కలో ఆ నీటిని చేర్చుకోవడం. కానీ ఎవరో ఒకరు పట్టించుకుని చేయాలి.

అందుకే ప్రమాణాలు జాగ్రత్తగా అడుగేస్తాయి. భారత ప్రమాణం ఐఎస్ 383 తన 2016 సవరణలో రీసైకిల్ చేసిన కాంక్రీటు కంకరని రాడ్లు లేని మామూలు కాంక్రీటులో 25 శాతం వరకు, ఇనుప రాడ్లున్న కాంక్రీటులో 20 శాతం వరకు అనుమతించింది. రాడ్లున్నదానిలో అది కూడా ఎం25 అనే బలం గ్రేడు వరకే. పునాది కింద పరిచే బలహీనమైన కాంక్రీటులో మాత్రం మొత్తం అదే వాడొచ్చు. ఇది మరీ భయపడటం అనేవాళ్లున్నారు, మూలం తెలిసిన మంచి కాంక్రీటు నుంచి తీసిన కంకరతో ఇంకా ఎక్కువ పాళ్లు వాడొచ్చు అంటారు. అటువైపు వాళ్లు, ఏ కూల్చివేత నుంచి వచ్చిందో తెలియని కుప్పకి కూడా అదే నమ్మకం ఇవ్వలేం కదా అంటారు. ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే పదార్థం గురించి కాదు. ఒకరి మనసులో ఉన్నది పుట్టుక తెలిసిన కంకర, రెండోవాళ్ల మనసులో ఉన్నది తెలియనిది.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తొలగాలి. కాంక్రీటు రీసైకిల్ చేస్తే సిమెంటు తిరిగి రాదు. కాంక్రీటు బరువులో సిమెంటు 10 నుంచి 15 శాతమే, కానీ కాంక్రీటు మోసే కర్బన భారంలో ఎక్కువ భాగం దానిదే. పిండి కొట్టినప్పుడు మనకి తిరిగి దక్కేది రాయి మాత్రమే. కాబట్టి కొండలు మిగులుతాయి, యార్డులో జాగా మిగులుతుంది, అవి నిజమైన లాభాలు. వాతావరణానికి జరిగే మేలు మాత్రం చాలామంది అనుకునేంత ఉండదు, శిథిలాల్ని చాలా దూరం లారీలో తిప్పితే ఉన్న కాస్తా డీజిల్‌కి పోతుంది.

దీనితో పోలిస్తే తారు రోడ్డు నయం. గీకి తీసిన పాత తారు పొరలో రాయీ ఉంటుంది, తారూ ఉంటుంది. వేడి చేసి కొత్త మిశ్రమంలో కలిపితే రెండూ మళ్లీ రోడ్డుగానే పనికొస్తాయి.

## ఒక్క జిప్సం ముక్క చేసే పని

కలిసిపోయిన చెత్త ఎందుకంత ఖరీదైన తలనొప్పి? ఫాల్స్ సీలింగ్ నుంచి ఊడిన జిప్సం బోర్డు ముక్కలు కాంక్రీటు కుప్పలో పడ్డాయనుకోండి. క్రషర్‌లో అవి తెల్లటి పొడై కంకరంతా పరుచుకుంటాయి. జిప్సంలో సల్ఫేటు ఉంటుంది, అది తడి తగిలినప్పుడు సిమెంటుతో చర్య జరిపి ఉబ్బే పదార్థాన్ని పుట్టిస్తుంది, కాంక్రీటు లోపలి నుంచి పగుళ్లు వస్తాయి. పోనీ యార్డులో పడేద్దామంటే, తడి చెత్తతో కలిసి గాలాడకుండా ఉన్నచోట అదే జిప్సం హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, కుళ్లిన గుడ్ల వాసన, మోతాదు పెరిగితే ప్రాణం తీసే వాయువు. అదే జిప్సం బోర్డు విడిగా, పొడిగా ఉంటే కొత్త బోర్డు చేసే ఫ్యాక్టరీకి ముడిసరుకు. వస్తువు అదే, ఏ కుప్పలో పడింది అన్నదే దాని గతి.

ఆస్బెస్టాస్ ఇంకా ప్రమాదం. పాత రేకు ఒక్కటి చూసుకోకుండా పగలగొడితే దాని నూలు పోగుల్లాంటి రేణువులు మొత్తం కుప్పలో చేరతాయి, అక్కడ పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్లో చేరతాయి, జబ్బు బయటపడేది దశాబ్దాల తర్వాత. అందుకే చాలా దేశాల్లో కూల్చేముందు తనిఖీ ఉంటుంది. ఏ గదిలో ఏ పదార్థం ఎంత ఉందో రాసుకుని, ప్రమాదకరమైనవి ముందు తీసి, తర్వాత తలుపులు, వైర్లు, సీలింగు, ఆఖరుకి గుల్లలా మిగిలిన కాంక్రీటుని పడగొడతారు. జపాన్ 2000లో చేసిన చట్టం ప్రకారం 80 చదరపు మీటర్లు దాటిన భవనం కూల్చినా కాంక్రీటు, తారు, చెక్క విడివిడిగా తీసి రీసైక్లింగ్‌కి పంపాల్సిందే.

కాంట్రాక్టరు వైపు నుంచి కూడా చూడాలి. విడదీసి కూల్చడానికి మనుషులు ఎక్కువ కావాలి, రోజులు ఎక్కువ పడతాయి, ఆ రోజుల్లో మిషన్ల అద్దె, అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటాయి. కూల్చడానికి తక్కువ గడువు ఇచ్చి టెండరు పిలిచాక, ఎందుకు విడదీయలేదని అతన్ని అడగడం న్యాయం కాదు. ఆ గడువు రాసినవాళ్లనే అడగాలి.

సైటులోనే క్రషర్ పెట్టాలా, ప్లాంటుకి పంపాలా అన్నదానికీ ఒకే జవాబు లేదు. సైటులో పెడితే టిప్పర్ ట్రిప్పులు తగ్గుతాయి, కానీ దుమ్ము, చప్పుడు చుట్టుపక్కలవాళ్లు భరించాలి, ఆ దుమ్ములోని సిలికా మంచిది కాదు. ప్లాంటులో అయస్కాంతంతో రాడ్లు లాగేస్తారు, నీళ్లతో కడిగి చెక్క, ప్లాస్టిక్ తేల్చేస్తారు, పరీక్షలు చేస్తారు, కాబట్టి నాణ్యత మెరుగు. దూరమే దాని శత్రువు.

## పన్ను వేస్తే దారికొస్తుందా

బ్రిటన్ 1996లో యార్డులో పూడ్చే ప్రతి టన్నుకీ పన్ను పెట్టింది, 2002లో కొత్తగా తవ్వే కంకర మీద మరో పన్ను తెచ్చింది. పారేయడం ఖరీదవాలి, కొత్త రాయి ఖరీదవాలి, అప్పుడు పాత రాయికి గిరాకీ వస్తుందన్నది ఆలోచన. పని చేసింది. కానీ పన్ను పెరిగేకొద్దీ రాత్రిపూట ఎక్కడో దింపేసి పోయే లారీకి లాభం కూడా పెరుగుతుంది. కాబట్టి పన్ను ఒక్కటే ఉండి, లోడు బయల్దేరినచోట ఒక కాటా, దిగినచోట ఇంకో కాటా, రెండు చీటీలూ సరిపోల్చే మనిషి లేకపోతే ఆ భారం చివరికి ఏదో చెరువు గట్టు మీద పడుతుంది.

## అసలు పుట్టని వ్యర్థం

గోడ ఎత్తు 2.7 మీటర్లు, మార్కెట్లో దొరికే బోర్డు పొడవు 3 మీటర్లు, వెడల్పు 1.2 అనుకోండి. ప్రతి బోర్డుకీ 0.3 మీటర్లు కోసి పారేయాలి. 10,000 బోర్డులకి 3,600 చదరపు మీటర్ల తుక్కు. ఇందులో పనివాళ్ల తప్పేమీ లేదు, డ్రాయింగు మీద ఎత్తు రాసినరోజే ఆ తుక్కు పుట్టింది. అప్పుడే బోర్డు కొలతకి తగ్గట్టు ఎత్తు మార్చినా, కొలతకి కోసిన బోర్డులు ఫ్యాక్టరీ నుంచి తెప్పించినా అది ఉండేది కాదు.

అంతకంటే పెద్ద ఆదా పాత కట్టడాన్ని కూల్చకుండా ఉంచుకోవడం. మన ఊహా సైటుకి తిరిగి వెళ్దాం. పాత భవనం చట్రం గట్టిగానే ఉందని తేలి, 10,000 టన్నుల కాంక్రీటుని కూల్చకుండా అలాగే వాడుకున్నారనుకోండి. మట్టి కాక బయటికి వెళ్లేది ఇప్పుడు 20,000 కాదు, 10,000 టన్నులే. యార్డుకి వెళ్లే కలగలుపు చెత్త మాత్రం అదే 2,000. మళ్లించింది 8,000, అంటే 80 శాతం. ముందు 90 ఉండేది.

సగం శిథిలాలు పుట్టకుండానే ఆపారు, అంత కాంక్రీటు మళ్లీ పోయాల్సిన పని తప్పింది, దానికి కావాల్సిన సిమెంటు తప్పింది, అయినా ప్రకటనలో వేసుకునే అంకె 10 పాయింట్లు పడిపోయింది. బ్రీమ్ లాంటి హరిత భవన రేటింగులు మళ్లింపు శాతంతో పాటు ప్రతి 100 చదరపు మీటర్ల కట్టుబడికి ఎన్ని టన్నుల వ్యర్థం వచ్చిందో కూడా విడిగా అడిగేది ఇందుకే.